మైనస్ ఎనిమిది దగ్గర

ఫిషింగ్ హార్బర్ వెనక ఐస్ ఫ్యాక్టరీలో
నా మొదటి వారం.
కంచరపాలెం ఐటీఐ సర్టిఫికెట్‌కి
లామినేషన్ వాసన కూడా పోలేదు,
ప్యానెల్ తలుపు తీసి
తప్పు దొరికిందనుకున్నాను.

ఉప్పునీటి తొట్టిలో చలి
మైనస్ పన్నెండుకు దిగితే కంప్రెసర్ ఆగుతోంది.
మైనస్ ఆరుకు ఎక్కితేగానీ మళ్ళీ లేవడం లేదు.
నడుమ ఆరు డిగ్రీలు
ఎవరి పేరా లేని జాగాలా పడి ఉన్నాయి.

మేస్త్రీ, ఈ ఖాళీ ఎందుకు,
తొమ్మిది దగ్గర ఒక్కటే గీత పెట్టేద్దాం, అన్నాను.

సూరాడ ఎల్లాజీ మేస్త్రి
బీడీ చెవి వెనక దోపుకుని
స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చాడు.
"తిప్పీ. నీ సరదా నానెందుకు కాదనాల."

తిప్పాను.
టక్.
టక్ టక్.
టక్ టక్ టక్ టక్
కాంటాక్టర్ పళ్ళు కొరుక్కుంది,
చలికి కాదు, తేల్చుకోలేక.
ముల్లు వెంట్రుకవాసి వణికితే చాలు
ముప్పై హార్స్‌పవర్ ఉలిక్కిపడి లేచి
లేచిన కాలు నిలదొక్కుకోకముందే కూలబడింది.
బెల్టులు కీచుమన్నాయి. రాగి కాలిన వాసన.
మేస్త్రి మెయిన్ లాగేశాడు.

"చూసినావేటే గుంటా.
ఒక్క గీత మీద ఎవుడూ నిలబడలేడు.
లెగడానికో గీత, కూకోడానికో గీత ఉండాల.
మద్దిన జాగా బద్ధకం కాదు,
మిషను ఊపిరి."

స్క్రూ మళ్ళీ వెనక్కి తిప్పాక
రెండో సంగతి నా అంతట నేనే చూశాను.
ముల్లు మైనస్ ఎనిమిది దగ్గరుంది,
మిషన్ నడుస్తోంది.
సాయంత్రం ముల్లు మైనస్ ఎనిమిది దగ్గరే ఉంది,
మిషన్ నిద్రపోతోంది.
అంకె అదే.
ఎటు నుంచి వచ్చిందన్నదే వేరు.
లాగ్‌బుక్కులో అంకెకి గడి ఉంది, దారికి లేదు.
పక్కన చిన్న బాణం గీశాను, పైకో కిందికో.
సూపర్‌వైజరు కొట్టేశాడు.
మర్నాడు మళ్ళీ గీశాను.

పుస్తకంలో దీని పేరు హిస్టెరిసిస్.
నాకు పలకడానికే నెల పట్టింది.
ఇనుముకీ ఉందట ఈ గుణం.
అయస్కాంతం తీసేశాక కూడా
కొంచెం అయస్కాంతంగానే మిగిలిపోతుంది.
మరిచిపోవాలంటే ఎదురు తోపు తొయ్యాలి.
గ్రాఫు గీస్తే ఏటవాలు కన్నులా వస్తుంది,
ఆ కన్ను ఎంత విచ్చుకుంటే అంత వేడి.
గుర్తుంచుకోవడానికి కరెంటు ఖర్చవుతుంది
అని మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకున్నాను.

పెదజాలారిపేటలో మా పెద్దమ్మ నూకరత్నం.
గంటకి నలభై కిలోమీటర్ల గాలి
హుద్‌హుద్‌కి ముందయితే ఆమెకి పండగ,
కవళ్ళు ఒక్కపూటలో ఎండుతాయని
ఇసకలో వలలు పరిచేది.
ఇప్పుడు అదే నలభైకి
తపేలాలు లోపలేసి
రేకుల మీద రాళ్ళు లెక్కపెడుతుంది.
రేడియోలో అంకె మారలేదు గదా పెద్దమ్మా
అని నవ్వేదాన్ని ఒకప్పుడు.
ఆ రాత్రి మా రేకులు
ఎవరి దొడ్లో దొరికాయో ఆమె ఎప్పుడూ చెప్పలేదు.
ఇప్పుడు నవ్వను. నిచ్చెన పట్టుకుంటాను.

మేస్త్రి రిటైరయ్యాడు.
స్క్రూడ్రైవర్ నా దగ్గరే ఉంది,
పిడి మీద ఆయన పంటిగాటుతో సహా.

ఈ రాత్రి వేట నిషేధం తీరింది.
జెట్టీ పొడుగునా బోట్లు,
ఐసుకి వరసలో తోపుడుబళ్ళు, తిట్లు.
"మిషను ఆపీసి కూకున్నావేటమ్మా,
ఎయ్యి తొరగా!"

ఏడు.
ఆరున్నర.
చెయ్యి చీర కొంగులో చుట్టుకుని
ముల్లునే చూస్తున్నాను.
ఇంకా ఆరు కాలేదు.