నగరి సెక్షను, మే నెల రీడింగు

టీ అంగట్లో టీవీ చెప్తావుండాది:
దేశం కరెంటు జాస్తిగా వాడతావుండాదంట,
అంటే దేశం ఒళ్ళు బాగుండాదంట.
నాడి చూసేవాణ్ణి నేనే గదా అని
నవ్వుకుంటా మిషను భుజాన తగిలించుకున్నా.

ఏకాంబరకుప్పంలో మీటరును
ముందు చెవుల్తో చదవాల.
ఒకప్పుడు వీధి మొదట్లోనే
మగ్గాలు టకటకా మాటకు అడ్డం పడేవి,
సైగల్తో అడిగేవాళ్ళు బిల్లెంతని.
ఈ పొద్దు నా చెప్పుల చప్పుడు నాకే వినపడింది.
దామోదర మొదలి ఆరు మగ్గాల్లో నాలుగు
పాతినుము కింద తూకానికి పోయినాయి.
"ఎంతొచ్చింది నాయనా?"
చెప్పినా. తక్కువే.
తక్కువ బిల్లు చూసి మనిషి మొగం వాడిపోవడం
కొత్తగా నేర్చుకుంటావుండా.

పుత్తూరు రోడ్డులో చెంగల్రాయులు మామిడితోట.
ఐదు హార్స్‌పవర్ మోటారు ఏడున్నరైంది, పదైంది, పన్నెండున్నరైంది.
బోరు ఆరొందలడుగుల నుంచి
వెయ్యీ రెండొందలకు దిగింది.
పైపులో నీళ్ళు మాత్రం
బొటనవేలి లావు నుంచి చిటికెనవేలికి.
గట్టు మీద ట్రాన్స్‌ఫార్మరు
ఈనే గేదె మాదిరి మూలుగుతావుండాది.
మా ఏఈ గారి గ్రాఫులో
ఇది పైకెక్కే గీత.

సత్రవాడలో అముదవల్లి ఇల్లు,
ఏనాడూ ముప్పై యూనిట్లు దాటని ఇల్లు.
ఈసారి రెండొందల పన్నెండు.
మీటరు చెడిందేమోనని తట్టి చూసినా.
లోపల మంచం పక్కన తెల్ల పెట్టె ఒకటి
బుస్సుమని, ఆగి, మళ్ళా బుస్సుమని.
ముప్పైయేళ్ళు మగ్గం ముందర నూలుదుమ్ము పీల్చినాయన
ముక్కులో గొట్టంతో నాకు చెయ్యెత్తినాడు.
పాత పరిచయం.
"రాత్రి పది నిమిషాలు కరెంటు పోయింది సామీ,
విసనకర్రతో విసిరినా.
ఎందుకు విసిరినానో నాకే తెల్దు."

నా మిషన్లో కారణాలకు నెంబర్లుండాయి.
తలుపు తాళం, ఒకటి.
మీటరు కాలింది, రెండు.
కుక్క, ఏడు.
కిందిదాకా జరిపి చూసినా.
మళ్ళా మొదటికొచ్చి
ఉత్త అంకె కొట్టినా.
కాగితం చురచురా బయటికొచ్చింది, ఇంకా వెచ్చగా.
ఆమె దాన్ని రెండు చేతుల్తో తీసుకునింది.

గోడ మీద మీటరు ఎర్రచుక్క
ఆయన ఊపిరి కంటే తొందరగా
మిణుక్కుమంటావుండాది.