ప్రతి వారం చచ్చేటోడు

షార్జా సనయ్యాల, పదకొండో నంబర్ రూముకు
పాత సామాన్ల బజారు నుంచి
ఎనబై దిర్హమ్‌ల టీవీ మోసుకొచ్చినం.
బొమ్మ వస్తే గొంతు రాదు,
గొంతు వస్తే బొమ్మ వణుకుతది.
శుక్రవారం, బట్టలు పిండినంక
గుర్రాల సీరియల్ వస్తుండె.

మాటలు ఇంగ్లీషు, కింద రాతలు అరబ్బీ.
మాకు రెండూ రావు.
అందుకని మనుషులకు మేమే పేర్లు పెట్టినం.

రొమ్ము మీద చుక్క పెట్టుకున్నోణ్ణి
అందరూ షెరీఫ్ షెరీఫ్ అంటుంటే
మా మిస్రీ ఫోర్‌మన్ షరీఫ్ యాదికొచ్చి
వాని గురి తప్పినప్పుడల్లా చప్పట్లు కొట్టినం.
కుంటుకుంట కాఫీ కాసే ముసలాయన మా మెస్సు మొగిలన్న.
సారా దుకాణమామె
గల్లాపెట్టె మీద మోచెయ్యి ఆనిచ్చి నిలవడితే
అచ్చం మా మేనత్తే అన్నడు ఓదెలు,
"గట్లనే నవ్వుతది, గట్లనే ఉద్దెర ఇయ్యది."
డాక్టరుకు పేరు పెట్టలే.
ఆయన వచ్చేసరికి ఎవలో ఒకలు పోయే ఉంటరు.

లసుమయ్య మనుషుల దిక్కే చూడడు.
ఊళ్ళె ఎడ్లకు లాడాలు కొట్టినోడు.
"ఎనక ఎడమకాలు చూడుండ్రి, తెల్ల గిట్ట.
పోయిన వారం దొంగది, ఈ వారం షెరీఫ్‌ది.
ఒక్కటే గుర్రమురా!"
ఆఖర్న పేర్లు పైకి పాకుతుంటే
ఓదెలు అక్షరమక్షరం కూడవలుక్కుంట చదివేటోడు.
"గుర్రం పేరు వచ్చిందా?"
రాలే. ఏ వారమూ రాలే.
లసుమయ్య లేచిపోయి గిన్నెలు తోమేటోడు, చప్పుడు చేసుకుంట.

నేను చూసేది ఇంకొకణ్ణి.
పొడుగు దవడ, ఎడమ కనుబొమ్మ మీద కోత.
మొదటి వారం బ్యాంకు ముంగట చచ్చిండు.
మలి వారం గడ్డంతోటి, పశువుల దొంగై
కంచె మీద ఎల్లెలకల పడ్డడు.
మూడోసారి గడ్డం లేదు, మెడల ఎర్ర రుమాలు,
నీళ్ళ తొట్టిల మునిగిండు.
ఎవ్వలు గుర్తువట్టలే.
చంపినోడు గూడ గుర్తువట్టలే.
నేను గుర్తువట్టిన.
నోరు మూసుకున్న.

ఈ రూముల నన్ను దుబ్బరాజం అంటరు.
బతాకా మీద గదే పేరు.
అంతకుముందు ఆరేండ్లు, అజ్మాన్‌ల, మీసాలున్నప్పుడు
నేను కొమురెల్లిని.
కఫీల్ జీతమియ్యకపోతే పారిపోయి, ఖల్లివల్లినై,
పోలీసుల చేతికి చిక్కి, అవుట్‌పాస్ మీద ఇల్లు చేరి,
మల్ల రావద్దని ముద్ర పడ్డోణ్ణి.
ముంబైల ఏజెంటు కొత్త పేరు కుట్టిచ్చిండు,
కొత్త తండ్రిని గూడ పెట్టిండు.
మంగలి మీసం తీసి అద్దం చూపిస్తే
ఎవలో అనుకొని రాం రాం అనబోయిన.

గందుకే శుక్రవారం శుక్రవారం
వాడు ఏ టోపీతోటి దిగుతడా అని ఊపిరి బిగవట్టి చూసేది.
బతుకుతడని కాదు, బతకడు.
వస్తడా, అని.

ఎయిర్‌పోర్టుల కొత్త మిషిని పెట్టిండ్రంట,
కంట్లెకు చూసి పాత పేరు చెప్తదంట.
మీసం గీకచ్చు, కన్నునెట్ల గీకాలె?
మూడేండ్లాయె, సెలవు అడగలే.

ఒక శుక్రవారం వాడు దిగిండు,
గుర్రాన్ని కట్టేసిండు, ఒక గిలాస తాగిండు,
పైసలిచ్చి తలుపు తోసుకొని పోయిండు.
ఎవ్వలు కాల్వలే.
పేర్లు పాకుతున్నయి. నాకు ఆగలే.
"ఓదెలూ, వాని పేరేందిరా?"
"ఏ వాడు? ఏ వారపోడు?"

ఏం చెప్పాలె?
ఎండలకెల్లి వచ్చినట్టు కండ్లు చీకట్లయినయి.

నల్లా కాడ లసుమయ్య
గిన్నె మీదికెల్లి తల ఎత్తకుంటనే అన్నడు:
"కనుబొమ్మ మీద కోతున్నోడు.
గడ్డం పెట్టినా తీసినా నడక అదే.
నడక మారది, గుర్రానికైనా."

జర సేపు నీళ్ళ చప్పుడు.

"కొమురెల్లీ,
ఆ పెద్ద తపేలా ఇటియ్యి."

అందిచ్చిన.