పొట్ట మీద కండె

నుస్రత్ మేడం టేపు తీసి నా పిక్క చుట్టు కొలిచింది.
నలబై నాలుగు.
గజంకట్టె పట్టిన చేతులు నాయి,
ఎన్ని జంపఖానాలు కొలిచిన్నో లెక్క లేదు.
నా కాలును మాత్రం
చీర కుచ్చిళ్లకు అప్పజెప్పి ఇరవై ఏండ్లాయె.

"కాలు తర్వాత, అండాలక్కా. ముందు ఊపిరి."

నవ్వొచ్చింది.
కొత్తవాడల పుట్టి యాభై మూడేండ్లు
ఊపిరి తీసుకోకుండనే బతికిన్నా?
తీసుకున్న గని, పైపైన.
మగ్గం గుంటల వంగి కూసున్నోళ్లకు
గాలి పక్కబొక్కల కాడికొచ్చి మర్రిపోతది,
పొట్టదాక దిగదు.

నేను నేసిన జంపఖానా మీదనే నన్ను పండవెట్టింది.
పొట్ట మీద ఖాళీ కండె ఒకటి పెట్టింది.
"ముక్కుతోని పీల్చు, కండె లేవాలె.
నోటితోని మెల్లగ ఇడువు, దిగాలె."
మొదటి దినం దొర్లి పడ్డది, ఏడుసార్లు.
మా మనుమడు ఎంచి మరీ చెప్పిండు.

"కాలు వాస్తే పొట్టతోని ఏం పని?" అన్న.
ఆమె కాశిబుగ్గ మనిషి, వానలు ఎరికైన మనిషి:
"మీ గల్లీల నీళ్లు నిలిచినప్పుడు
బకెట్లతోని ఎత్తిపోస్తే పోయినయా?
అవుతల బొందివాగు నాలా గుంజుకున్నంకనే పోయినయ్.
నీ నాలా ఈడ ఉన్నది" అని
మెడ కింద గుంటల వేలు వెట్టింది.

తర్వాత మడిమె.
మునివేళ్లు పైకి, మునివేళ్లు కిందికి.
గింతేనా! నలబై ఏండ్లు పావుకోళ్లు తొక్కిన కాలిది.
"తొక్కినవ్, కిందికి ఏలాడేసి తొక్కినవ్.
ఇప్పుడు ఎత్తి పెట్టి తొక్కు, పట్టీ కట్టి తొక్కు."
గోడకు మడిమెలు ఆనిచ్చి తొక్కుతాంటె
ఎక్కడనో మగ్గం చప్పుడు ఇనవడ్డది,
పక్కింటిదో, నాదో.

వేళ్ల సందులు కడిగి, తుడిచి, ఆరవెట్టి
కొనల నుంచి పైకి పట్టీ చుట్టుడు.
చుట్టుడు నాకు నేర్పాల్నా?
బిగువెక్కడ, వదులెక్కడ, చేతికే తెలుసు.
మేడం చూసి ఏమనలే.
తను చుట్టింది ఇప్పి, మళ్ల నా లెక్క చుట్టింది.

మూడు నెలలకు నలబై ఒకటిన్నర.
"మొత్తం తగ్గుతదా?"
"తగ్గదక్కా. పెరగనియ్యం."
అబద్ధం చెప్పలే. అందుకే మళ్ల పోయిన.

ఇప్పుడు అరగంటకోసారి మగ్గం ఆపుతున్న.
సేటు అరుగు మీదికెల్లి అడిగిండు,
చప్పుడు ఆగిందేంది అని.
పోగు తెగిందన్న.
గుంటల కూసునే పొట్ట మీద చెయ్యి ఆనిచ్చి
ఐదు లెక్కవెట్టిన.
అటెన్క నాడె ఇసిరిన.