పొయ్యి మొఖం చూడని కుండ

దేవరకొండ తొవ్వల, రాకాసిగుళ్ళ చెల్కల
మూడో గుంట. ఐదడుగుల లోతు.
నాలుగు బండల నడుమ ఎముకల పొడి, పక్కనే
మూతి దగ్గర నలుపు, కడుపంతా ఎరుపు.
ఊపిరి బిగబట్టి బ్రష్షుతో దులుపుతున్నాను.

తట్ట దించి కుమ్మరి జానమ్మ
అంచు మీంచి తొంగి చూసింది.
"బోర్లించి కాల్చిండ్రు సారూ,
మూతికి గాలాడలె, గందుకే నల్లగైంది."
ఇంకొంచెం వంగి అడుగు చూసింది:
"మసి లేదు. ఇది పొయ్యి మొఖం చూడలె.
సచ్చినోళ్ళకనే కొత్తగ చేసిండ్రు."

చెమటంటిన రిజిస్టరులో
'వాడిన ఆనవాళ్ళు లేవు' అని రాసుకున్నాను.
చెప్పిందెవరో రాయడానికి గడి లేదు.

ఇంట్లో సారె ఉందా అంటే
"ఉంది. మేకపిల్లను కట్టేస్తున్నం" అంది.

పొద్దుగూకింది.
పెట్టె, దూది, నంబరు చీటీ సిద్ధం.
రెండు వేల ఏండ్లో, మూడు వేలో
తేల్చాల్సినవాళ్ళు హైదరాబాదులో ఉన్నారు.
ఇక్కడ బల్ల మీద కుండ
ఎటు పెట్టినా ఒరుగుతోంది.

జానమ్మ ఇంత ఎండుగడ్డి తెంపి
మెలితిప్పి, సుట్టకుదురు చేసి
కిందికి జరిపింది.

కుదురుకుంది.