ఎక్కువొచ్చిన రింగు

కొండమల్లేపల్లి దాటి చందంపేట బాట పట్టంగనే
స్పీడు ముల్లు పక్కన ఎర్రగ ఎలిగింది:
నూనె డబ్బా బొమ్మ, ముక్కు కొసన ఒక్క చుక్క.

పొద్దుగాలనే ఆయిల్ మార్చిన.
నా చేతులతోనే.
షాబుద్దీన్ షెడ్డుల రెండొందలు ఎందుకియ్యాలని
ఇంటెనక బండల మీద పాత లుంగి పరిచి,
నల్లదాన్ని పెరుగు బకెట్ల వట్టి,
కొత్తది గరాటుతోని పోసిన.
"బర్రెలకు సూదులేసుడు అయిపాయె,
ఇగ బండిగ్గూడనా?" అన్నది మా సైదమ్మ.

ఇప్పుడు ఇక్కడ, సీతాఫలం పొదల నడుమ,
ఎనక సీటు మీద చలి పొగల డబ్బా,
చెవుల ద్వాళవ్వ ఫోను:
"సారూ, అరుస్తలేదు గని మేత ముట్టలే.
తోక కింద తీగె కనవడ్డది.
దాటిపోతే మల్ల ఇరవయ్యొక్క దినం."
నాకు తెల్వదా.
పద్దెనిమిదేండ్ల సంది నా బువ్వ ఆ లెక్కల్నే ఉంది.

ఇంజిన్ బంద్ చేసి నిలువు స్టాండు మీదికి గుంజిన.
పక్కకొరిగిన బండి నూనె సంగతి నిజం చెప్పదు.
మోకాళ్ళ మీద కూసొని గాజు కంట్లకెల్లి చూసిన:
రెండు గీతల నడుమ తేనె రంగు. సరిపోనుంది.
అడుగు బోల్టు తడిమిన. పొడిగుంది.
సెన్సార్ వైరు పీకిన, ఆరింది.
పెట్టిన, ఎలిగింది.
అంటే తప్పు వైరుది గాదు.

కొద్దిసేపు ఒక పాడు ఆలోచన.
బ్యాగుల నల్ల టేపుంది,
దాని మీద గోరంత ముక్క అతికిస్తే
తండా ఎనిమిది కిలోమీటర్లే గద.

గని నేను బర్రెల మనిషిని.
ఆవైతే అరిచి ఊరంతటికి చెప్తది.
బర్రెది మూగ ఎద.
గడ్డి మీద ఒక్క తీగె,
ఎండ వడితే అదీ ఉండదు.
చూడని ఇంట్ల ఆ ఏడు పాలుండవు.
గసొంటి మూగదాని కోసం
మోచేతి దాంక చెయ్యి పెట్టి, కండ్లు మూసుకొని
లోపలిది వేళ్ళతోని చదివేటోన్ని,
ఎర్రగ నోరు తెరిచి చెప్తున్న ఇనుము మీద
టేపేస్తనా?

షాబుద్దీన్‌కు చేసిన.
"ఫిల్టర్ మార్చినవా భాయ్?"
"మార్చిన."
"రింగు ఏసినవా?"
"ఏ రింగు?"
అవతల పాన కింద పెట్టిన చప్పుడు ఇనవడ్డది.

అంగి జేబుల ఫిల్టర్ తోని వచ్చిన పొట్లం.
దాంట్ల సన్నగ, నల్లగ,
పసిపిల్ల గాజసొంటి రబ్బరు.
పొద్దుగాల అన్ని బిగించినంక ఇది మిగిలింది.
కంపెనోళ్ళు ఎక్కువిచ్చిండ్రనుకున్న.
మనకు ఎన్నడన్న, ఎవడన్న
ఎక్కువిచ్చిండా?

మూడు బోల్టులు ఇప్పిన. ఎర్రమన్ను దోసెడు నూనె తాగింది.
రింగుకు నూనె రాసి, వేలితోని చుట్టూ ఒత్తి
మూత పెట్టిన. డబ్బల అడుగున మిగిలింది పోసిన.
సెల్ఫ్ కొట్టిన.
దీపం ఉంది.
ఉంది.
ఇంకా ఉంది.
అప్పుడు ఆరింది.

ద్వాళవ్వ వాకిట్ల గోరువెచ్చని నీళ్ళు పెట్టి ఉంది.
మూడుసార్లు సబ్బు రుద్దినా గోర్లల్ల నలుపు పోలే.
"నూనె వాసనొస్తున్నవ్ సారూ" అన్నది,
బర్రె మొఖం పట్టుకొని.

అయిపోయినంక ఎప్పటి తీరే అడిగింది:
"కట్టినట్టేనా?"
మూడు నెల్లకు వస్త, చెయ్యి పెట్టి చూస్త అన్న.
దానికి దీపం ఉండదు.

రిజిస్టర్ల తారీకు రాసుకున్న, బర్రె కొమ్ము గుర్తు రాసుకున్న.
ఆ కిందనే, ఎందుకో,
బండి తిరిగిన కిలోమీటర్లు గూడ.