గోడకి అవతల మీటరు

పాత పాలకొల్లులో మీటర్లు చూసేటప్పుడు
సైకిల్ దిగేవాణ్ణి కాదు.
కంసాలి వీధిలో దూరితే
చేపల మార్కెట్ వెనక తేలేవాణ్ణి.
ఏ సందూ నన్ను వెనక్కి పంపలేదు.

ఇప్పుడన్నీ చేలు మెరక చేసిన లేఅవుట్లు.
నలభై అడుగుల గ్రావెల్ రోడ్డు
పంటబోదె దగ్గర టక్కున ఆగిపోతుంది.
అవతల ఇంకో లేఅవుట్, ఇంకో ఆర్చి.

నా పుస్తకంలో
నూటపన్నెండు, నూటపదమూడు పక్కపక్క గీతలు.
నేల మీద మధ్యలో గోడ.
బైపాసు మీదుగా చుట్టు తిరిగితే
రెండున్నర కిలోమీటర్లు.

మొన్న నా చెమట చూసి
సత్యవేణమ్మ అవతల నుంచి రీడింగు అరిచింది.
రాసుకున్నాను. రూలు ఒప్పుకోదు.

నిన్న ఆ గోడలో రెండు ఇటుకలు లేవు.
గిన్నె పట్టేంత కన్నం,
చింతచిగురు రొయ్యల వాసన.
ఎవరు తీశారని అడగలేదు.
కన్ను ఆనించి
నూటపదమూడు చదువుకున్నాను.