అబ్బులు గారి దగ్గరున్న తాళంచెవి

ఎనిమిది నెలలు, పదమూడు పార్టీలు.
లెక్క నేనే రాశాను, మేత కొట్టు బిల్లు పుస్తకం వెనక అట్ట మీద,
బిల్లుల వైపు తిరగేయకుండా.

అబ్బులు గారు సఖినేటిపల్లి నుంచి పంటు మీద వస్తారు,
లూనాతో సహా.
రేవు దాటి నరసాపురంలో దిగేసరికి
చొక్కా చేతులకి డీజిలు వాసన.
వెంట వచ్చినవాళ్ళకి ముందు కాఫీ ఇప్పిస్తారు, సొంత డబ్బులతో,
తర్వాత మా తాళం తీస్తారు,
తర్వాత బేరం చెడగొడతారు.

"ఏప్రిల్ దాటితే బోరు నీళ్ళు ఉప్పండి. అబద్ధమెందుకూ."
"వానాకాలం రెండో మెట్టు దాకా వస్తాయండి, మూడోది ఎక్కవు."
ఎవరడిగారు?
భీమవరం బ్యాంకాయన భార్య
అప్పటికే వంటింట్లో గ్యాసు బండ ఎక్కడ పెట్టాలో చూసుకుంటోంది.
ఆ మాటకి కుళాయి తిప్పి
నాలిక్కి ఒక్క చుక్క తాకించి
నా వైపు చూసింది.
ఆ చూపు నాకింకా దిగలేదు.

అందుకే నిన్న కొత్తతని ఆఫీసుకి వెళ్ళాను.
పేరు ప్రణీత్. గాజు తలుపు, ఏసీ,
గోడ మీద ఎవరూ కాపురముండని ఇంటి ఫోటో.
మా ఇంటిని గాల్లోంచి తీస్తాడట,
కొబ్బరి తలలూ కాలవా కనపడేలా.
"నీళ్ళ సంగతి అడిగితేనే చెబుదాం మేడమ్.
పాతాయన్ని మాన్పించేయండి. మాకొక్కరికే ఇవ్వాలి.
మూడు నెలలు, రెండు పర్సెంటు."
సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో చిన్న ఇంటూ మార్కు.
కాగితం ఇంటికి తెచ్చుకున్నాను.

ఇల్లంటే ఇప్పుడిది, స్టేషను దగ్గర అద్దె వాటా.
రైలొచ్చినప్పుడల్లా స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి.

ఈయన ఏమీ అడగరు.
చెరువులు పోయాక ధరల మాట ఎత్తడం మానేశారు.
రాత్రి ఫ్యాను గాలికి కాగితం ఎగరకుండా
పైన పెట్టడానికేదైనా వెతికితే
చేతికి తగిలింది పాత స్ప్రింగు కాటా.

శాంపిలు వల లాగి, గుప్పెడు రొయ్యల్ని గుడ్డసంచిలో వేసి
దీనికే తగిలించేవాళ్ళం.
నూట ఇరవై కౌంటు వచ్చిన రోజు
"కాటా పాడైంది" అన్నారు ఈయన.
పక్క చెరువు గణపతిరాజు గారిని అడిగి ఇంకోటి తెచ్చాం.
నూట ఇరవై రెండు.
నవ్వామో, తిట్టుకున్నామో గుర్తులేదు.
తెల్లమచ్చ అప్పటికే నీళ్ళలో ఉంది.

మొదటి రోజు మా మెట్ల మీద కూర్చుని
చెప్పులో ఇసుక దులుపుకుంటూ అబ్బులు గారన్న అంకె
ముప్ఫై ఎనిమిది.
నేను యాభై రెండన్నాను.
ఆయన "ఆయ్" అన్నారు, అంతే.

యాభై రెండు ఎక్కడిది?
గదులు కొలిచానా, సెంటు రేటు కనుక్కున్నానా?
మేత కొట్టు, బ్యాంకు, మా ఆడపడుచు గొలుసు.
మూడూ కూడితే వచ్చింది.
ఇంటికి ఎవరూ ధర కట్టలేదు, నాతో సహా.
పదమూడు పార్టీలకీ నేను చూపించింది మా అప్పు,
గది గదికీ లైటు వేసి మరీ.

ఇంకొకటి.
మా వీధి చివర్నించే చెరువులు మొదలు,
అందులో రెండు మావి.
బోరు ఉప్పని అందరికీ చెప్పిన మనిషి
ఆ ఉప్పు ఎవరు తెచ్చిందో
ఒక్కరికీ చెప్పలేదు.

పొద్దున్నే ఫోన్ చేశాను, తాళంచెవి అడుగుదామనే.
అవతల పంటు ఇంజను మోత.
నేను నోరు తెరిచేలోపే
"ఆ కుర్రాడి దగ్గరికెళ్ళారటగా, ఇచ్చి చూడండమ్మా,
తాళం సాయంత్రం అందిస్తాను.
హాల్లో ట్యూబులైటు స్టార్టరు మార్చాను, నలభై రూపాయలు,
అదొక్కటీ గుర్తుంచుకోండి" అన్నారు.

కాగితం కాటా కిందే ఉంది,
పెన్సిలు గుర్తు సగం కనపడుతూ.

"నలభై" అన్నాను.
"ఆయ్, నలభయ్యే" అన్నారాయన.
స్టార్టరు గురించి కాదు, ఇంటి గురించి, అన్నాను.
పంటు హారను మోగింది.
విన్నారో లేదో.
రెండోసారి చెప్పడానికి
గొంతులో నీళ్ళు లేవు.